రూప్లి హిస్సా

షాకేరాకు దాచుకోవడం చేతకాదు. సేమియా వండినా, చెట్టుకు నాలుగు నిమ్మకాయలు కాసినా ముందు గల్లీలో పంచి రావాలి, మిగిలితే ఇంట్లోవాళ్లకు. ఇక మొక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. మల్లె అంటు, పుదీనా వేరు, కరివేపాకు పిలక, ఏది తన పెరట్లో బతికితే అది గల్లీ అంతా బతకాల్సిందే. "పక్కింటోళ్లకు మనింట్ల హిస్సా ఉంటది. మనం ఇచ్చేదేంది, వాళ్లది వాళ్లకు అందిచ్చుడే" అని చిన్నప్పుడు తల్లి చెప్పిన మాటను ఆమె కొంగున ముడేసుకుంది. ఆ ముడి ఇప్పటిదాకా విప్పలేదు.

భర్త జానీ మియా పరుపులు కుట్టేవాడు. ముప్పై ఏళ్లు దూది ఏకి ఏకి ఆ నూగంతా రొమ్ములో చేరింది. ఇప్పుడు వాకిట్లో నులక మంచం మీద కూర్చుని దగ్గడం, దగ్గు ఆగినప్పుడు పెళ్లాం మీద విసుర్లు విసరడం, ఈ రెండే ఆయన పనులు. "ఇచ్చేటోణ్ణి జూస్తే సచ్చేటోడు గూడ లేస్తడంటరు. నీ పుణ్యాన మన దమ్మపేటల ఎవ్వడు పండుకునేటట్టు లేడు" అనేవాడు.

ఇంటికి ఆధారం కొడుకు సాజిద్. ఊరవతల పామాయిల్ తోటల మధ్య ఒక కంపెనీవాళ్లు వలపందిళ్లు వేసి, పైదేశం నుంచి తెచ్చిన బ్లాక్‌బెర్రీ పెంచుతున్నారు. సాజిద్ అక్కడ సూపర్‌వైజర్. డిప్లొమా చేసి రెండేళ్లు ఖాళీగా తిరిగాక దొరికిన పని. తండ్రి మందులు, ఇంటి కిరాయి, పొయ్యి మీద కుండ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

ఆ ఫారంలో ఒక కట్టడి ఉంది. మొక్క ముక్క కూడా గేటు దాటకూడదు. ఆ రకం మీద హక్కు కంపెనీది. కోసిన కొమ్మలు, పీకిన పిలకలు అక్కడే కుప్పేసి కాల్చాలి. ఒకరోజు ఆ కుప్పలో నుంచి సాజిద్ వేలెడంత వేరుముక్క తీసి, ఖాళీ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. దొంగబుద్ధితో తెచ్చింది కాదు. ఎట్లాగూ కాలిపోయేదే కదా, అమ్మీ చూస్తే మురుస్తుంది అనుకున్నాడు.

"అమ్మీ, ఇది మనింట్లనే ఉండాలె. ఎవ్వరికి ఇయ్యొద్దు. తెలిస్తే నా నౌకరీ పోతది" అన్నాడు.

"అవ్ బిడ్డా, అవ్" అంది షాకేరా. అప్పటికే ఆమె కళ్లు పెరట్లో చోటు కోసం వెతుకుతున్నాయి. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినప్పుడు కూడా ఆమె ఇలాగే అవ్ అంటుంది.

తొలకరిలో పెట్టిన వేరుముక్క దసరాకల్లా మనిషెత్తు లేచింది. కొమ్మలకు ముళ్లు, ఆకులకు రంపం అంచు. చలి పడగానే ఆ కొత్త కొమ్మల చివరనే తెల్లటి పూలు, పూల వెనకే కాయలు వచ్చాయి. ముందు పచ్చగా, తర్వాత ఎర్రగా, చివరికి నల్లగా నిగనిగలాడే పళ్లు. చూడ్డానికి కంబళి పండే, కానీ దానికన్నా లావు. నోట్లో పెడితే ముందు పులుపు, వెనక నుంచి తీపి. మామిడికి ఐదేళ్లు ఆగే జనం, నాటిన ఏడే కాసిన చెట్టును చూసి ముక్కున వేలేసుకున్నారు.

అంతకన్నా వింత ఆ తర్వాత జరిగింది. పళ్లు అయిపోగానే, సాజిద్ నేర్పినట్టే, షాకేరా కొడవలి పట్టి కొమ్మలన్నీ నేలకు సమంగా కోసేసింది. "కాసే చెట్టును గిట్ల గొరిగినవేందే" అని జానీ మియా మంచం మీద నుంచి నెత్తి కొట్టుకున్నాడు. "పాత కొమ్మ కాసేది కాసింది. కింది నుంచి కొత్తది లేస్తది, దానికే మళ్ల కాస్తది" అంది షాకేరా, ఏదో తనే కనిపెట్టినట్టు. ఎండాకాలమంతా గోనెపట్టాల నీడన నీళ్లు చల్లి బతికించుకుంది. వానలు పడేసరికి ఒక్క చోట కాదు, పెరడంతా పిలకలు లేచాయి. ఆ పిలకలు చూశాక ఆమె చేతులు ఊరుకోలేదు.

మొదటి హిస్సా రూప్లిది.

రూప్లి వాళ్లది తండా. కొడుకు వీరన్నకు కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చాక గల్లీ చివర ఇల్లు కట్టుకుని వచ్చారు. తండా బాటలో పత్తి వేసే చెలక మాత్రం అట్లాగే ఉంది. ఎప్పుడో పాత చీరలు తెచ్చి బొంత కుట్టించుకోవడానికి వచ్చిననాడు షాకేరాతో మొదలైన మాటలు ఇప్పటిదాకా ఆగలేదు. ఇద్దరికీ ఇంటి భాషలు వేరు. ఇద్దరూ కలిస్తే తెలుగే, ఆ తెలుగు మీద ఇద్దరికీ సమానమైన అధికారం, సమానమైన తప్పులు.

మొక్కల విషయంలో రూప్లికి ఒక పట్టింపు ఉంది. అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు. చేతితో అందించిన మొక్క అసలే బతకదు. దొంగిలిస్తేనే వేరు పట్టుకుంటుంది. అందుకని షాకేరా పిలకను మట్టితో సహా తవ్వి బట్టలబండ మీద పెట్టేది. పెట్టి, వెనక్కి తిరిగి గోడ వైపు నిలబడి, ఈ ఎండలేంది, ఈ దోమలేంది అని గోడతో మాట్లాడేది. ఆ మాటలు నడుస్తుండగా రూప్లి మొక్కను కొంగు కింద పెట్టుకుని వెనక తలుపున వెళ్లిపోయేది. మర్నాడు కలిసినా ఇద్దరూ ఆ మాట ఎత్తరు. "మా ఇంట్ల పట్టపగలు దొంగలు పడుతున్నరు. మా ఆమె దొంగకు చాయ్ గూడ పోస్తది" అని జానీ మియా దారినపోయేవాళ్లకు చెప్పేవాడు.

ఈసారి దొంగిలించిన మొక్కను రూప్లి ఇంట్లో పెట్టుకోలేదు. చెలక గట్టున, సోమ్లి దగ్గర పెట్టింది.

సోమ్లి రూప్లి చిన్నకూతురు. నర్సు ట్రైనింగు చదివేది. మూడేళ్ల కింద, సెలవులకు వచ్చినప్పుడు, పత్తిచేనులో ఉన్న తండ్రి లాలుకు అన్నం తీసుకుపోయింది. ఎండన నడిచి నోరెండి, గట్టు మీదున్న కూల్‌డ్రింక్ సీసా ఎత్తింది. డబ్బాలో మిగిలిన గడ్డిమందును లాలు ఆ సీసాలో పోసి పెట్టాడు. ఈ పక్క చేలల్లో సగంమంది చేసే పనే అది. ఎత్తిన ఊపులో ఒక్క గుక్క లోపలికి పోయింది. ఖమ్మం దవాఖానాలో వారం పైన పోరాడింది. చివరిదాకా తెలివితోనే ఉంది, మాట్లాడుతూనే ఉంది. చదివిన పిల్ల కాబట్టి ఏం జరగబోతుందో ఆమెకే ముందు తెలుసు, తల్లికి మాత్రం తగ్గుతుందనే చెప్పింది. ఆ మందు అంతే, మనిషిని మాట్లాడనిచ్చి ఊపిరి తీస్తుంది. లాలు ఆ ఏడు తిరగకుండానే తాగి తాగి పోయాడు. పెళ్లికాని పిల్ల గనక సోమ్లిని కాల్చకుండా చెలక గట్టునే పూడ్చి, మూడు రాళ్లు పెట్టారు. ఆ రోజు నుంచి గడ్డిమందు అన్నది రూప్లి గడప తొక్కలేదు. చెలకలో కలుపంతా చేత్తోనే పీకుతుంది.

ఆ చలికి సోమ్లి దగ్గర చెట్టు విరగ్గాసింది. అప్పుడు ఒక్కసారి రూప్లి తన పట్టింపును తనే తప్పి మొక్క మాట ఎత్తింది.

"నా బిడ్డకు ఆగుడు రాదక్కా. చిన్నప్పుడు చింతగింజ పాతిపెట్టి, తెల్లారంగనే తవ్వి చూసేది మొలిచిందా అని. పెట్టిన ఏడే కాసే చెట్టు దానికే కావాలె."

ఆ పళ్లను రూప్లి ఒక్కటి కూడా తినలేదు. తండా బాటన కాలేజీకి పోయే ఆడపిల్లలను ఆపి, ఆకులో పెట్టి ఇచ్చేది. వాళ్లు తింటుంటే చూస్తూ నిలబడేది. షాకేరాకు ఆ సంగతి తెలిసి ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, అదే ఊపులో మిగిలిన పిలకలన్నీ తవ్వి ఇంటింటికీ పంచింది. మసీదు వెనక ఇంటికి, పిండి గిర్నీ వాళ్లకు, టైలర్ పెళ్లానికి, బడి పంతులమ్మకు, అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు కూడా.

సాజిద్ ఎవరి ప్రహరీ మీదో ఆ ఆకు చూసి ఇంటికొచ్చి మొత్తుకున్నాడు.

"నలుగురింట్ల ఉంటే ఏమైతది బిడ్డా? అమ్ముకుంటున్నమా?" అంది షాకేరా. వాడు తల పట్టుకున్నాడు. చెప్పేది లేక, ఎవరికీ తెలియకపోతే చాలని దేవుడి మీద భారం వేసి ఊరుకున్నాడు.

తెలియకుండా ఉండే కాలమా ఇది. రూప్లి కోడలు ఉషారాణి ఒకరోజు చెలకకు పోయి, దోసిలి నిండా నల్లటి పళ్లు పట్టుకుని ఫోటో దిగింది. మా చెలకల బ్లాక్‌బెర్రీ అని రాసి వాట్సాప్ స్టేటస్ పెట్టింది. పాపం ఆ పిల్లకు ఏం తెలుసు. ఆ ఫోటో ఎవరి ఫోన్ నుంచి ఎవరి ఫోన్‌కు పోయిందో గానీ, తిరిగి తిరిగి కంపెనీ పెద్దల దగ్గరికి చేరింది.

ఫారం మేనేజర్ రవీందర్ సాజిద్‌ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. చెడ్డమనిషి కాదు, ఆయన భయం ఆయనది. "ఇది మన రకమే. ఆకు చూస్తే చిన్నపిల్లగాడు గూడ చెప్తడు. వచ్చే నెల పైనుంచి మనుషులొచ్చి ఊళ్లన్నీ చూస్తరంట. ఇది ఎవరు తీస్కపోయిండ్రో నేను అడుగుత లేను. కానీ నీ ఊళ్లె ఒక్క మొక్క దొరికినా నౌకరీతోని పోదు, పోలీసు కేసే. తర్వాత నా దగ్గరికి రాకు" అన్నాడు.

ఆ సాయంత్రం సాజిద్ ఇంటికొచ్చి కేకలు వేయలేదు. పెరట్లో చెట్టు పక్కన గొంతుకూర్చుని మెల్లగా అడిగాడు. "అమ్మీ, ఎన్ని ఇండ్లకు ఇచ్చినవ్?"

షాకేరా లెక్క చెప్పలేకపోయింది. ఆమె ఎప్పుడూ లెక్కపెట్టి ఇవ్వలేదు. జానీ మియా విసురు విసరకుండా ఊరుకోవడం పెళ్లయ్యాక అదే మొదలు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆమె మర్నాడు గల్లీ మీద పడింది. ఇచ్చిన హిస్సాను వెనక్కి అడగడానికి గడప గడపకూ పోయింది. నిజం చెప్తే కొడుకు పేరు బయటికొస్తుంది, అందుకని చెట్టుకు తెగులొచ్చిందని, పిల్లలకు మంచిది కాదని ఏవేవో చెప్పింది. పిండి గిర్నీ ఆమె నమ్మలేదు. "ఇచ్చినప్పుడు బంగారం అంటివి, ఇప్పుడు తెగులంటున్నవ్. మేం గూడ తింటమని కండ్లల్ల మంటనా?" అని మొక్కను పీకి కాళ్ల ముందు విసిరింది. టైలర్ పెళ్లాం లోపలికి పోయి తలుపేసుకుంది. ముళ్లు గీరుకుని మోచేతులదాకా రక్తం చిమ్మినా షాకేరా ఆగలేదు. జీవితంలో సంపాదించుకుందల్లా గల్లీలో మంచిపేరు ఒక్కటే, దాన్ని తన చేత్తో తనే వేళ్లతో సహా పీకుతున్నట్టు ఆమెకు అనిపించింది. పీకినవన్నీ పెరట్లో కుప్పేసి కాల్చింది.

రూప్లి దగ్గరికి మాత్రం పోలేదు. ఏ మొహం పెట్టుకుని పోతుంది? "అన్ని తీసేసిన" అని కొడుకుతో చెప్పి పడుకుంది.

కానీ ఆ చెట్టు పట్టుదల ఆమెకు తెలియదు. పీకినప్పుడు ఎక్కడెక్కడ వేరు తెగిందో అక్కడక్కడా కొత్త మొలక లేచింది. కొద్ది వారాల్లోనే ఒకటి పీకిన చోట ఐదు. "ముక్క మిగిలినా లేస్తదమ్మీ. నేను తెచ్చింది ముక్కనే గదా" అన్నాడు సాజిద్, ఏడవలేక నవ్వుతూ. అప్పుడు షాకేరా ఎవరికీ చెప్పకుండా ఎరువుల దుకాణానికి పోయి గడ్డిమందు కొనుక్కొచ్చింది. తన పెరట్లో కొట్టింది, మిగతా ఇళ్లవాళ్లు పనులకు పోయిన వేళ చూసి వాళ్ల దొడ్లలోనూ కొట్టింది. తెల్లారేసరికి ఆకులన్నీ మాడి నల్లబడ్డాయి. ఆమె ఆ రోజు కడుపునిండా అన్నం తింది.

రెండు రోజులకు సాజిద్ ఫోన్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఉషారాణి ఫోటో. దోసిట్లో పళ్లు, వెనక చెట్టు, చెట్టు మొదట్లో పసుపు పూసిన మూడు రాళ్లు.

"ఇది గల్లీల మొక్క కాదు. సోమ్లి దగ్గరిది. వాళ్ల చేతిల ఉన్నది ఈ ఫోటోనే, ముందు ఆడికే పోతరు. ఎల్లుండే వస్తున్నరు. దీన్ని తీసేసినవా?"

"అవ్" అంది షాకేరా.

"అబద్ధం జెప్పకమ్మీ" అన్నాడు సాజిద్. వాడి గొంతులో కోపం లేదు, భయమే ఉంది. నిన్నగాక మొన్న మీసం వచ్చిన పిల్లాడిలా కనిపించాడు ఆమెకు.

మర్నాడు పొద్దున్నే షాకేరా మిగిలిన గడ్డిమందు సీసాకు రెండు కవర్లు చుట్టి, సంచిలో పెట్టుకుని తండా బాట పట్టింది. రూప్లి చెలకకు రాకముందే పోసి రావాలి. తెల్లారేసరికి ఆకు మాడుతుంది, తెగులో, ఎండో అనుకుని రూప్లి ఊరుకుంటుంది. ఇన్నేళ్లూ రూప్లి తన ఇంట్లో ఉత్తుత్తి దొంగ అయింది. ఇవాళ తను నిజం దొంగ. ఛీ, ఇదేం బతుకు అనుకుంది. పోలీసు జీపులో కూర్చున్న కొడుకు కళ్ల ముందు మెదిలాడు. కాళ్లు ఆగలేదు.

రూప్లి అప్పటికే అక్కడ ఉంది. రాళ్ల చుట్టూ గడ్డి పీకుతూ కూర్చుంది. చెట్టుకు ఆఖరి పళ్లు నాలుగైదు మిగిలాయి.

"రా అక్కా" అని జరిగి చోటిచ్చింది.

షాకేరా కూర్చోబోయి ఆగింది. ఎవరూ పొరపాటున తాగకుండా ఆ మందులో కావాలనే కంపు కలుపుతారట. ఆ కంపు మూతకు ఆగదు, కవర్లకు ఆగదు. దవాఖానాలో కూతురి బట్టల్లో, పక్కలో, నోట్లో వారం పైన ఆ వాసన పీల్చిన మనిషి రూప్లి. గడ్డి పీకుతున్న చెయ్యి ఆగిపోయింది.

"సంచిల ఏమున్నదక్కా?"

దారి పొడవునా ఏవో అబద్ధాలు సిద్ధం చేసుకుంది షాకేరా. ఒక్కటీ నోటికి రాలేదు. "సాజిద్ నౌకరీ పోతది రూప్లీ. కేసు పెడ్తరంట, జైలంట. ఆ కంపెనీ మొక్కనే ఇది. వాడు తెచ్చిండు, నేను పంచిన. ఫోటోల ఈ చెట్టే పడ్డది. రేపు ఈడికే వస్తరు" అంది.

"నేను అడిగింది సంచిల ఏమున్నదని."

"గడ్డిమందు."

బాట మీద పామాయిల్ గెలల లారీ ఒకటి పోయింది. దాని దుమ్ము రాళ్ల మీద పడితే రూప్లి కొంగుతో తుడిచింది. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు అనుకుంది షాకేరా.

"దాన్ని తీస్కపోయి బాట అవతల పెట్టి రా. నా బిడ్డ దగ్గరికి దాన్ని తేకు" అంది రూప్లి.

షాకేరా పెట్టి తిరిగి వచ్చేసరికి రూప్లి కొడవలి తీసి కొమ్మలను నేలకు సమంగా కోస్తోంది. మిగిలిన పళ్లు మట్టిలో రాలి నలిగాయి.

"కోస్తే ఆగదు రూప్లీ. వేరు..." అని షాకేరా మధ్యలోనే మింగేసింది. వేరు ఎటు దిగి ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

"తెల్సు. తవ్వుత" అంది రూప్లి. "ఒక కడుపు కాలింది చాలు. రెండోది వద్దు."

మూడు రాళ్లకూ దండం పెట్టి, ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టింది. గడ్డపార అందుకుంది. షాకేరా చెయ్యి వేయబోతే వద్దంది. "నువ్వు తవ్వకు. మన్ను చూడు, వేరు ముక్క లేకుండ."

రూప్లి తవ్వింది. షాకేరా ఆ మట్టిని పిడికెడు పిడికెడుగా వేళ్ల మధ్య నుంచి జార్చుతూ, దారంలా సన్నని వేర్లను కూడా ఏరింది. మట్టిలో పగిలిన చేతిగాజుల ముక్కలు దొరికాయి. పూడ్చిననాడు సోమ్లి స్నేహితురాళ్లు వేసినవి. రూప్లి వాటిని తుడిచి బొడ్లో దోపుకుంది. ఎండ ముదిరింది. మోకాలి లోతు పోయాక గడ్డపార పక్కన పెట్టి, గుంట అంచున బోర్లా పడుకుని చేత్తోనే తీయసాగింది. ఒక వేరు పొడుగ్గా లోపలికి పోయింది. అది తెగకుండా, పిల్ల తలలో చిక్కు తీసినట్టు నెమ్మదిగా, ఆగి ఆగి లాగింది. మొత్తం వచ్చింది. రూప్లి లేచి కూర్చుని, వేరును పక్కన పడేసి, చేతులు దులుపుకుంది.

గుంటలోకి తొంగిచూసిన షాకేరాకు అడుగున తెల్లటి పోగు ఒకటి ఉన్నట్టు అనిపించింది. ఉందో లేదో కూడా తెలియదు. కానీ ముక్క మిగిలినా లేస్తదన్న కొడుకు మాట చెవిలో మోగింది.

"ఇంకొంచెం లోపలికి చూస్తవా రూప్లీ" అంది.

ఆ మాట తన నోటి నుంచే వచ్చింది. రూప్లి తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. పదేళ్లుగా ఎరిగిన మొహాన్ని మళ్లీ మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తర్వాత బోర్లా పడుకుని, చెయ్యి భుజందాకా లోపలికి పోనిచ్చింది. ఇంకా తవ్వింది. చాలాసేపు తవ్వింది. ఆ తర్వాత గుంట పూడ్చి, మూడు రాళ్లూ మళ్లీ పెట్టింది.

మర్నాడు రవీందర్‌తో ఇద్దరు మనుషులు కారులో వచ్చారు. గల్లీ అంతా తిరిగారు. మాడిన పుల్లలు తప్ప ఏమీ కనపడలేదు. చెలకకు పోతే రూప్లి రాళ్ల పక్కన కూర్చుని ఉంది. వాళ్లలో ఒకతను ఫోన్‌లో ఫోటో చూపించి, "ఈడ ఏదో చెట్టు ఉండె గద అమ్మా" అన్నాడు.

"ఈడ నా బిడ్డ ఉన్నది. ఇంకేం లేదు. కావాల్నంటే తవ్వుకోండ్రి" అంది రూప్లి.

కొత్తగా తిరగేసిన మట్టిని వాళ్లు చూశారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. సాజిద్ నౌకరీ నిలబడింది. ఆ సాయంత్రం షాకేరా దేవుడికి కృతజ్ఞతగా శుక్రానా నమాజు చదివి, సేమియా వండి, రూప్లి ఇంటికి గిన్నెతో పోయింది. ఉషారాణి తీసుకుంది. అత్తమ్మ పడుకుందని చెప్పింది.

ఆ ఎండాకాలం రాళ్లు పగిలేలా కాసింది. ఫారం పందిళ్ల కింద కొత్త కొమ్మలన్నీ నిలువునా మాడాయి, మిగిలిన నాలుగూ ఎదగలేదు. ఈ నేలకు ఇది పనికిరాదని కంపెనీ తేల్చేసింది. ట్రాక్టర్ పెట్టి బ్లాక్‌బెర్రీ అంతా దున్నించి డ్రాగన్ ఫ్రూట్ స్తంభాలు పాతించింది. సాజిద్ ఇప్పుడు వాటికి సూపర్‌వైజర్. దున్నిన వేర్లను కాలువగట్టు మీద పారబోస్తుంటే రవీందరే పనివాళ్లతో, "కావాల్నంటే ఇంటికి తీస్కపోండ్రి, పండ్లు మంచిగుంటయ్" అన్నాడట. సాజిద్ ఆ మాట చెప్పినప్పుడు షాకేరా బియ్యం ఏరుతోంది. చాట కింద పెట్టేసింది.

వానలు పడ్డాయి. గల్లీలో మొలకలు లేచాయి. పిండి గిర్నీ వెనక, మసీదు గోడ పక్కన, షాకేరా పెరట్లో బట్టలబండ చుట్టూ, మందు కొట్టిన ప్రతిచోటా లేచాయి.

"ఆ మందు ఆకునే కాలుస్తదమ్మీ. వేరును ఏం చెయ్యదు" అన్నాడు సాజిద్.

అంటే ఆనాడు చెలకలో దొంగచాటుగా మందు పోసి వచ్చి ఉంటే, ఆ చెట్టు ఈపాటికి మళ్లీ లేచి ఉండేది. ఈ ఆలోచన రాగానే షాకేరా ఉన్నపళాన తండా బాట పట్టి పోయి చూసింది. రాళ్ల చుట్టూ గరిక తప్ప ఏమీ లేదు. ఊరంతా మొలిచింది, అక్కడొక్కచోట మొలవలేదు. తన భయం కోసం రూప్లి అంత శుభ్రంగా తవ్వింది.

రూప్లి ఇంటికి రావడం మానేసింది. పోట్లాట ఏమీ లేదు. దారిలో కనిపిస్తే "బాగున్నవా అక్కా" అంటుంది, సమాధానం విని పోతుంది. శిక్షల్లో పెద్ద శిక్ష అదే. బట్టలబండ దగ్గర గోడతో మాట్లాడే పని షాకేరాకు లేకుండా పోయింది. జానీ మియా కూడా దొంగల మాట ఎత్తడం లేదు.

ఒకరోజు వాన తెరిపిచ్చినప్పుడు షాకేరా పెరట్లో అన్నిటికన్నా బలమైన పిలకను వేరు చెదరకుండా తవ్వి, తడిగోనెలో చుట్టుకుని చెలకకు పోయింది. రూప్లి రాళ్ల దగ్గరే గరిక పీకుతోంది. షాకేరా గోనె విప్పింది. మొక్కను గట్టు మీద, రూప్లి చేతికి అందేంత దూరంలో పెట్టింది. పెట్టి, వెనక్కి తిరిగి బాట వైపు నిలబడింది.

"ఈ వానలేంది రూప్లీ, ఒకనాడు పడితే మూడునాళ్లు లేదు" అంది.

ఆగింది. వెనక నుంచి గరిక తెగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"దోమలు గూడ ఎక్కువైనయ్. సాజిద్ వాళ్ల అబ్బకు రాత్రంతా నిద్ర లేదు, ఒకటే దగ్గు" అంది. ఇంకా ఏవేవో చెప్పింది. బాటన కాలేజీ పిల్లలు పోయారు. చెప్పడానికి మాటలు అయిపోయాక కూడా తిరగకుండా నిలబడింది. తిరిగితే మొక్క ఉండకూడదు అని మనసులోనే దువా చేసింది.

గరిక పీకే చప్పుడు ఆగింది.

"వేర్లు ఆరిపోతున్నయక్కా. తీస్కపో" అంది రూప్లి.

షాకేరా తిరిగింది. మొక్క పెట్టిన చోటే ఉంది. రూప్లి మళ్లీ గరిక మీదకి వంగింది. తను తెచ్చిన మొక్కను తనే తీసుకుని షాకేరా ఇంటిదారి పట్టింది.